సెల్లు లేకుండా పాడిన డబ్బా

మొన్న నా ఫోన్ ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. పిన్ను కాస్త వంచి పట్టుకుంటే ఎక్కుతుంది, చెయ్యి వదిలితే పోతుంది. "మావయ్యా, డాబాగార్డెన్స్‌లో ఇచ్చేయండి, అరగంటలో చేసిస్తారు" అంది మా కోడలు. సరేనని బయల్దేరాను. అక్కడి రిపేరు దుకాణాల సందులోకి తిరిగానో లేదో, ఆ వాసన.

తీగల్ని అతికించే సోల్డరింగ్ ఐరన్ కొన, అతుకు పట్టేందుకు రాసే ఫ్లక్స్‌కి తగిలినప్పుడు లేచే తెల్లటి పొగ వాసన అది. దానికీ గుగ్గిలం ధూపానికీ దగ్గర చుట్టరికం. రెండూ చెట్ల బంకే. డెబ్బైకి దగ్గరపడ్డాక నా ముక్కుకి కాఫీ వాసనే సరిగ్గా తెలియడం లేదు. ఇది మాత్రం నేరుగా నడినెత్తికెక్కింది. రోడ్డు మధ్యలోనే నిలబడిపోయాను. వెనక ఆటో అతను హారన్ కొట్టీ కొట్టీ, చివరికి "పెద్దాయనా, పక్కకి" అన్నాడు.

దుకాణంలో భూతద్దం దీపం కింద తల వంచుకుని పనిచేసుకుంటున్న మనిషి తలెత్తి చూశాడు. గడ్డం నెరిసింది. ఎడం చేతిలో ఐరన్. రెండు క్షణాలు చూసి లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ! గుర్తుపట్టలేదేటి? నేను మాస్టారూ. చిలకని తిప్పీసిన గుంటణ్ణి!"

ముఖం చూస్తే గుర్తు రాలేదు. చిలక పేరు చెప్పగానే వచ్చేశాడు.

ఆ చిలక సంగతి తర్వాత చెబుతాను. ముందు నా తప్పుల పుస్తకం గురించి చెప్పాలి. విశాఖపట్నంలో, ఆ చుట్టుపక్కల హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళ పైన ఫిజికల్ సైన్స్ చెప్పాను. పిల్లలు రేడియో ఎలా పాడుతుందని, టీవీలో బొమ్మ ఎలా వస్తుందని, కంప్యూటర్ ఎలా ఆలోచిస్తుందని ఏవేవో చెప్పేవారు. వాటిని ఓ రెండొందల పేజీల నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. మంచి ఉద్దేశంతో మొదలుపెట్టానని చెబితే అబద్ధమవుతుంది. స్టాఫ్ రూమ్‌లో చదివి నవ్వించడానికి మొదలుపెట్టాను. మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకున్నాక "ఏమండీ, ఇవాళ కొత్తవేమైనా ఉన్నాయా" అని అడిగేవారు. చదివేవాణ్ణి. అందరం పొలమారేలా నవ్వుకునేవాళ్ళం.

* * *

మొదటి పేజీలో ఉన్నది సెల్లు కథ.

అప్పట్లో సెల్లంటే టార్చిలైట్లోనూ ట్రాన్సిస్టర్‌లోనూ వేసే బ్యాటరీయే. నీరసపడితే ఎండలో పెట్టేవాళ్ళం. ఇంకా నీరసపడితే పంటితో నొక్కేవాళ్ళూ ఉన్నారు. పిల్లలు మూడో నాడు చచ్చిపోయిన సెల్లుని రాయితో పగలగొట్టి, నడిమి కార్బన్ కడ్డీ లాగి గోడల మీద రాసేవారు. మా బడి వెనక గోడంతా ఆ రాతలే. వాళ్ళ లెక్కలో శక్తి అంటే సెల్లులో ఉండే నల్లటి పొడి. అది అయిపోతే పాట ఆగిపోతుంది. చూసినదాన్ని బట్టి చూస్తే తప్పనడానికి లేదు.

అలాంటివాళ్ళకి ఓరోజు సెల్లు లేని రేడియో చూపించాను. ఓ అట్ట గొట్టం మీద ఎనామెల్ రాగితీగ చుట్టి, కరెంటుని ఒకవైపే పోనిచ్చే జెర్మేనియం డయోడు, స్టేషన్ మార్చడానికి పాత ట్రాన్సిస్టర్‌లోంచి ఊడదీసిన గ్యాంగు కండెన్సరు, చెవిలో పెట్టుకునే క్రిస్టల్ ఇయర్‌ఫోన్ కలిపి అతికించాను. ఏరియల్ తీగని జెండా కర్రకి, ఎర్త్ తీగని కుళాయి గొట్టానికి కట్టాం. సోల్డరింగ్ పొగ తరగతంతా కమ్ముకుంది. గ్యాంగు మెల్లిగా తిప్పుతుంటే ఒకచోట, మీడియం వేవ్ 927 కిలోహెర్ట్జ్ దగ్గర, మన విశాఖపట్నం ఆకాశవాణి దొరికింది. ఎవరో రైతులకి ఎరువుల గురించి చెబుతున్నారు. పిల్లలు వరసలో నిలబడి ఒక్కొక్కరూ ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని విన్నారు. యూరియా ఎంత వెయ్యాలో అంత శ్రద్ధగా విన్న పట్నం పిల్లల్ని మళ్ళీ నేను చూడలేదు.

ఒకడు డబ్బాని తిరగేసి, అడుగున తడిమి, "సెల్లు ఎక్కడ దాచారు మాస్టారూ" అన్నాడు. లేదురా, స్టేషన్ నుంచి వచ్చే తరంగంలో ఉన్న శక్తితోనే పాడుతోందని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించాడు.

"అయితే ఆకాశవాణోళ్ళ కరెంటు మనం వాడీసుకుంటన్నామా? దొంగతనం కాదేటి?"

నేను తడుముకుంటుంటే మూడో బెంచీ అమ్మాయి అందుకుంది. "కాదొరే. వీధిలైటు కింద కూకుని చదువుకుంటే దొంగతనమేటి? అది ఎలాగూ ఎలగతాది."

ప్రసారం గురించి నేను ఓ పీరియడంతా చెప్పినా అంత బాగా చెప్పలేకపోయేవాణ్ణి. అయినా సాయంత్రం స్టాఫ్ రూమ్‌లో నేను చదివింది దొంగతనం మాట ఒక్కటే. అందరూ నవ్వారు. వీధిలైటు మాట పుస్తకంలో రాశాను గానీ ఎవరికీ చదవలేదు. దానికి నవ్వు రాదు కదా.

* * *

డాబా మీది టీవీ యాంటెన్నా సంగతి మీకందరికీ తెలిసిందే. పైన ఒకడు తిప్పుతుంటాడు, కింద నుంచి కేకలు. "వచ్చీసింది! వచ్చీసింది! ఆపీ! అయ్యో, పోనాది." కొండల మధ్య ఊరు కాబట్టి ఒక వీధిలో బొమ్మ అద్దంలా ఉంటే పక్క వీధిలో చీమల యుద్ధం. తెర మీది చుక్కల్ని పిల్లలు చీమలనేవారు. "బొమ్మని మోసుకొస్తున్న చీమలు దాన్ని దారిలో పడేశాయి" అని ఒకడు రాశాడు. నాకు నచ్చి మార్కు వేశాను.

దీనికి సంబంధించి ఒక తప్పు నాది. ఓ వేసవి కాలం సెలవులయ్యాక, సముద్రం వైపున్న వాడల పిల్లలు ఇద్దరు వచ్చి, రాత్రుళ్ళు యాంటెన్నా సముద్రం వైపు తిప్పితే అరవ బొమ్మలు వస్తున్నాయన్నారు. ఎక్కడి మద్రాసు, ఎక్కడి వైజాగ్! టీవీ తరంగాలు తిన్నగా పోతాయనీ, భూమి గుండ్రం కాబట్టి అంత దూరం రావనీ బోర్డు మీద బొమ్మ గీసి మరీ చూపించి, కోతలు కొయ్యొద్దని కూర్చోబెట్టేశాను. చాలా ఏళ్ళ తర్వాత ఓ పుస్తకంలో చదివాను. వేసవిలో సముద్రం మీది చల్లని గాలికి పైన వేడిగాలి దుప్పటిలా పరుచుకుంటే, ఆ రెండింటి మధ్య తరంగాలు గొట్టంలో పోయినట్టు వంగుతూ వందల కిలోమీటర్లు పోగలవట. వాళ్ళు కళ్ళారా చూసింది చెప్పారు. నేను పుస్తకంలో ఉన్నది చెప్పాను, అదీ సగమే చదివిన పుస్తకం. వాళ్ళిద్దరి ముఖాలూ నాకిప్పుడు గుర్తు లేవు. ఎక్కడున్నారో కూడా తెలియదు.

* * *

తరంగం అన్న మాటతోనే నాకు ఇంకో చిక్కు వచ్చింది. విద్యుదయస్కాంత తరంగాలు అని బోర్డు మీద రాయగానే జాలరిపేట కుర్రాడు లేచాడు.

"తరంగం అంటే అలే కదా మాస్టారూ?"

"అవును."

"అల ఒడ్డుకొచ్చి, మళ్ళీ ఎనక్కి ఎల్లిపోతాది. మరి రేడియో అల ఎక్కడికి ఎల్తాది?"

ఇంగ్లీషు మీడియంలో అయితే ఈ ప్రశ్న పుట్టి ఉండేది కాదేమో. వాళ్ళకి ఆ మాట పుస్తకంలో దొరుకుతుంది. వీడికి అల అంటే పొద్దున్న లేచి ముఖం కడుక్కునే ముందు చూసేది. నీళ్ళు ఉన్నచోటే లేచి దిగుతాయి, ముందుకి పోయేది కుదుపు మాత్రమే, తెప్ప మీద కూర్చుంటే నీకు తెలుస్తుంది కదా అన్నాను. "ఆఁ, తెలస్తాది. లోపల ఊపుతాదంతే. ఒడ్డు దగ్గరే కదా తన్నుతాది" అన్నాడు. అంటే నేను చెప్పబోయే పాఠం వాడికి నాకంటే ముందే వచ్చు. ఒంట్లో ఉంది. పేరొక్కటే తెలియదు.

వీడే ఓసారి వాళ్ళ తాత చేపల చోటు ఎలా గుర్తుపెట్టుకుంటాడో చెప్పాడు. సముద్రం మీద బోర్డులుండవు. ఒడ్డున ఒక గుడి గోపురం, దాని వెనక ఒక కొండ కొమ్ము ఒకే వరసలోకి వచ్చాయంటే ఒక గీత. ఇంకో పక్క యారాడ కొండ మీది లైట్‌హౌసు వేరే గుర్తుతో వరస కలిస్తే రెండో గీత. రెండు గీతలూ కలిసిన చోట వల దింపాలి. అడుగున రాళ్ళుంటాయి, రాళ్ళ దగ్గర చేప ఉంటుంది. ఇది మాకు పదో తరగతి లెక్కల్లో నిరూపక జ్యామితి. తాతకి సంతకం చెయ్యడం రాదు.

చాలా కాలం తర్వాత ఫిషింగ్ హార్బర్‌లో వాణ్ణి చూశాను. మరబోటు మీద ఉన్నాడు. నన్ను చెయ్యి పట్టి ఎక్కించుకుని, క్యాబిన్‌లో చిన్న తెర చూపించాడు. జీపీఎస్. తాత చోట్లన్నీ అందులో పాయింట్లుగా ఎక్కించుకున్నాడు. "తాత కొండల్ని చూసీవోడు, ఇది ఉపగ్రహాల్ని చూస్తాది. అంతే కదా మాస్టారూ?" అన్నాడు. దాదాపు అంతేరా అన్నాను. తేడా ఒక్కటే. కొండ ఏ దిక్కున ఉందో తాత చూసేవాడు. ఇది ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో చూస్తుంది, అదీ గడియారంతో. సంకేతం బయల్దేరిన టైముకీ చేరిన టైముకీ తేడా లెక్కగట్టి దూరం చెబుతుంది. సెకనులో పది లక్షల వంతు పొరబడితే చాలు, 300 మీటర్లు తేడా కొట్టేస్తుంది. అందుకే ఉపగ్రహాల్లో పరమాణు గడియారాలు పెడతారు. బోటులోని గడియారం అంత ఖచ్చితంగా ఉండదు కాబట్టి, ఆ తేడా తేల్చడానికి కూడా కలుపుకుని కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. వాడు అంతా విని, "మరి తాతకి గడియారం లేదు కదా, అందుకే కొండలు" అన్నాడు.

పక్కనే ఇంకో తెర, చేపల్ని చూపించేది. కిందికి శబ్దం పంపితే అడుగుకో చేపల గుంపుకో తగిలి వెనక్కి వస్తుంది. సముద్రపు నీళ్ళలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది కాబట్టి, తిరిగొచ్చిన టైము చూసి లోతు చెబుతుంది. ఆ రంగు గీతల మీద వేలు పెట్టి నవ్వాడు. "సూసారా, నేనడిగిన అల. ఎనక్కి ఎల్లిపోయింది ఇక్కడ తేలింది."

* * *

కంప్యూటర్ మా బడికి రావడం పెళ్ళికూతురు వచ్చినట్టే వచ్చింది. 1984లో కేంద్రం బడుల్లో కంప్యూటర్ నేర్పడానికి 'క్లాస్' అనే పథకం పెట్టి, దేశంలో ఎంపిక చేసిన బడులకి ఇంగ్లండు కంపెనీ రూపొందించిన బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. అలా వచ్చినవే మా దగ్గరికీ చేరాయి. వాటికో గది, గదికి కర్టెన్లు, ఒక్కోదానికీ అంచు కుట్టిన గుడ్డ ముసుగు. తాళం హెడ్మాస్టారి జేబులో. దసరాకి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాం. కొబ్బరినీళ్ళు కీబోర్డు మీద పడబోతే అడ్డంపడ్డది నేనే.

స్విచ్ వేయగానే రెండు స్వరాల్లో 'బూ-బీప్' మని, నల్లటి తెర మీద 'బీబీసీ కంప్యూటర్ 32కే' అని అక్షరాలు వచ్చేవి. ఆ 32కే అంటే దాని జ్ఞాపకశక్తి మొత్తం. ఇప్పుడు నేను పొద్దున్నే వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ పువ్వు కూడా అందులో పట్టదు. పిల్లలకి ఆ సంగతి తెలియదు, నాకూ తెలియదు. వాళ్ళకి తట్టింది వేరే. "బీబీసీ అంటే రేడియోలో వార్తలోళ్ళు కదా! ఇది వార్తలు చెప్తాదా?" ఎంత చెప్పినా ఒకడు మాత్రం పీరియడ్ అయ్యేదాకా దాని వెనక చెవి పెట్టుకుని కూర్చున్నాడు.

చెప్పులు బయట విప్పాలి. దుమ్ము పడుతుందని పెట్టిన రూలు అది. తర్వాత కొన్నేళ్ళకి, వైరస్ అన్న మాట పేపర్లో పడ్డాక, పిల్లలు ఆ రూలుకి వాళ్ళే కారణం కట్టేశారు. చెప్పులతో లోపలికెళ్తే కంప్యూటర్‌కి వైరస్ పడుతుంది! వేరే ఊళ్ళలో చదువుకున్నవాళ్ళు కూడా ఇదే నమ్మారని తర్వాత విన్నాను. గుడికెళ్తే చెప్పులు విప్పుతాం, పురిటి గదికెళ్తే కాళ్ళు కడుక్కుంటాం. వాళ్ళు ఆ రెంటినీ కలిపేశారు.

నేను నేర్పిన మొదటి ప్రోగ్రాం రెండే లైన్లు. 10వ లైనులో పేరు ప్రింట్ చెయ్యి, 20వ లైనులో మళ్ళీ 10కి పో. ఎంటర్ కొట్టగానే ఆ కుర్రాడి పేరు తెర నిండా పరుగెత్తింది. ముందు చప్పట్లు. ఆ తర్వాత వాడి ముఖం వాడిపోయింది. "ఆపండి మాస్టారూ! కరెంటు బిల్లు ఎక్కువొస్తాది!"

ఎస్కేప్ మీట నొక్కి ఆపాను. ఎందుకు ఆగలేదో చెప్పమంటే ఎవరూ చెప్పలేదు. వెనక నుంచి ఒక అమ్మాయి గొణిగింది. లేచి చెప్పమన్నాను. రోజూ పొద్దున్న నాలుగింటికి కుళాయి దగ్గర బిందెతో నిలబడే పిల్ల. ఆ రోజుల్లో వైజాగ్‌లో నీళ్ళంటే అదో యుద్ధం.

"మాయమ్మ నన్ను కుళాయికి పంపినట్టే సార్. ఎల్లు, బిందె ముంచు, డ్రమ్ములో పొయ్యి, మళ్ళీ ఎల్లు. కానీ మాయమ్మ, డ్రమ్ము నిండితే ఆపీమంటాది. ఇక్కడ మీరు డ్రమ్ము సంగతి చెప్పలేదు."

నేను తర్వాత వారం చెబుదామనుకున్న పాఠం అది. షరతు పెట్టడం, లెక్కపెట్టుకోవడం, ఆగడం. ఆ రోజే చెప్పేశాను. మా బడిలో చాలా ఏళ్ళు దాన్ని డ్రమ్ము ప్రోగ్రాం అనే అన్నారు. ఆ పిల్ల మాత్రం కంప్యూటర్ మీద చెయ్యి పెట్టింది మొత్తం మీద రెండుసార్లో మూడుసార్లో. తాళం తీస్తే కదా. తర్వాత ఆ గదిలో పరీక్ష పేపర్ల కట్టలు పెట్టుకున్నారు. నేను గట్టిగా అడగవలసింది. అడగలేదు.

* * *

ఇక చిలక.

అప్పటికి డబ్బిచ్చి దూరపు ఊళ్ళకి ఫోన్ చేసుకునే దుకాణాల పసుపు బోర్డులు వీధివీధికీ వచ్చేశాయి. ఎస్‌టీడీ, ఐఎస్‌డీ, పీసీఓ. అద్దాల గది, ఎర్రటి అంకెల మీటరు, బిల్లు కక్కే మెషీను. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గేది కాబట్టి అప్పుడే జనం. ఎందుకు తగ్గుతుందిరా అంటే ఒకడు "పొద్దుట తీగలో రద్దీ సార్, గాజువాక బస్సులాగ. రాత్రి ఖాళీ బస్సు" అన్నాడు. అది నూటికి నూరు పాళ్ళూ నిజం. ఆ బోర్డుల మీద కొన్నాళ్ళకి ఫ్యాక్స్ అన్న మాట కూడా చేరింది. కాగితం మీద ఉన్నది ఫోన్ తీగలో ఇంకో ఊరికి పంపడమది. అది ఎలా వెళ్తుందని అడిగితే, కాగితాన్ని సన్నగా చుట్టి తీగలోంచి పంపుతారని తరగతిలో సగం మంది చెయ్యెత్తారు. "మరి అటుపక్క కాగితం వచ్చాక ఇటు కాగితం ఎందుకు మిగిలింది?" అంటే అందరూ చేతులు దించేశారు.

ఎలా వెళ్తుందో చూపించడానికి లెక్కల మాస్టారి దగ్గర గ్రాఫు కాగితాలు తెచ్చాను. 16 గళ్ళు అడ్డం, 16 నిలువు. 256 గళ్ళలో ఒక అమ్మాయి చిలక బొమ్మ వేసింది. గడిలో సగం కంటే ఎక్కువ గీత పడితే నలుపు, లేకపోతే తెలుపు. ఆ కాగితం మా తరగతిలో ఉంది. ఖాళీ కాగితంతో ఎడంచేతివాటం కుర్రాడొకణ్ణి పక్క గదిలో కూర్చోబెట్టాం. నడుమ వరండాలో నలుగురు వరసగా నిలబడ్డారు. వాళ్ళే తీగ. అమ్మాయి మొదటి గడి నుంచి చదవడం మొదలుపెట్టింది. "తెలుపు, తెలుపు, నలుపు..." ఆ కేక నలుగురి నోళ్ళూ మారి పక్క గదికి చేరుతోంది. కాసేపటికి నోరు నొప్పెట్టి "సున్నా, సున్నా, ఒకటి" అనడం మొదలుపెట్టారు. నేను చెప్పలేదు.

మూడో వరసలో తీగలో ఒకడు తుమ్మాడు. ఒక గడి జారిపోయింది. అక్కడినుంచి చిలక మెడ పక్కకి వాలిపోయింది. మళ్ళీ మొదటినుంచి. ఈసారి ప్రతి వరసకీ చివర "వరస!" అని అరవాలని నిర్ణయించారు. అప్పుడు బొమ్మ వేసిన అమ్మాయే ఇంకో మాట చేర్చింది. "వరస అయ్యాక నలుపులెన్నో కూడా చెప్తాను. అక్కడ తేడా వస్తే మళ్ళీ అడగమను." ఆరు నలుపులంటే అక్కడా ఆరు ఉండాలి. ఐదే ఉంటే పక్క గది నుంచి "మళ్ళీ!" అని కేక వచ్చేది. ఈ పద్ధతికి చెక్‌సమ్ అని పేరుందని, కంప్యూటర్లు ఒకదానికొకటి సమాచారం పంపుకునేటప్పుడు ఇలా లెక్క సరిచూసుకుంటాయని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. దాన్ని తొమ్మిదో తరగతి అమ్మాయి నా ముందు కనిపెట్టింది. నేను బెల్లు కొడతారేమోనని గడియారం చూసుకుంటున్నాను.

పూర్తయ్యాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాం. చిలక వచ్చింది. ముక్కు, తోక, అన్నీ వచ్చాయి. కానీ అటు తిరిగి ఉంది. పంపిన చిలక తలుపు వైపు చూస్తుంటే, అందిన చిలక కిటికీ వైపు చూస్తోంది.

"ఎలాగరా?" అన్నాను.

"నేను ఎడం నుంచి నింపితే చెయ్యి తగిలి సిరా అలికీసినట్టవుతాది సార్. అందుకే కుడి నుంచి నింపీసాను" అన్నాడు.

ఎడంపక్క నుంచి మొదలుపెట్టాలని వాడికి ఎవరం చెప్పలేదు. చెప్పక్కర్లేదనుకున్నాం. అందరూ గోల గోలగా నవ్వుతుంటే వాడు కూడా నవ్వాడు. ఆ సంవత్సరమంతా వాడి పేరు చిలక. పంపేవాడూ అందుకునేవాడూ ఒకే ఒప్పందంలో ఉండాలని ఆ తర్వాత నేను ఎవరికీ వేరే చెప్పలేదు. "చిలక తిరక్కుండా చూసుకో" అంటే సరిపోయేది.

* * *

బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్ళింది కూడా రాయాలి, క్లుప్తంగానే. 1969లో నౌకాదళంలో చేరిన రష్యన్ జలాంతర్గామి అది. 2001లో విరమణ, 2002 నుంచి ఆర్.కె. బీచ్ ఇసుకలో మ్యూజియం. 91 మీటర్ల పొడవు. లోపల వంగి వంగి నడుస్తుంటే ఒక పిల్ల అడిగింది, డీజిల్ ఇంజనుకి గాలి కావాలి కదా, నీళ్ళలో ఎలా నడిచేదని. పైన తేలినప్పుడు డీజిల్‌తో బ్యాటరీలు ఛార్జి చేసుకుని, మునిగాక ఆ బ్యాటరీలతో మోటారు తిప్పుకుంటుందని చెప్పాను. "అంటే ఇది పెద్ద సెల్లు!" అంది. పక్కనున్నవాడు నవ్వాడు. వాడికి సెల్లంటే అప్పటికే ఫోను.

* * *

హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న. ఆదివారం. నేను రిటైర్మెంటుకి దగ్గరలో ఉన్నాను. ఆ గాలి సంగతి వేరే రాయాలి. ఊరిలో చెట్టన్నది మిగల్లేదు. కరెంటు పోయింది, నీళ్ళు పోయాయి, ఫోన్లలో సిగ్నల్ పోయింది. జనరేటర్ ఉన్న ఇంటి ముందు ఫోన్లు పట్టుకుని జనం వరస. ఒకప్పుడు కుళాయి ముందు బిందెల వరస ఉండేది, అచ్చం అలాగే. ఛార్జి చేసుకున్నా మాట్లాడ్డానికి లేదు. అయినా చేసుకున్నారు. నేను అటక మీంచి పాత ట్రాన్సిస్టర్ దించి, సెల్లు కోసం నాలుగు దుకాణాలు తిరిగాను.

బడి తెరిచాక, పెంకులూ కొమ్మలూ ఎత్తి ఓ మూల పోగేసి కూర్చున్నాం. పదో తరగతి కుర్రాడు అడిగాడు. "మాస్టారూ, తుపాను కింద కదా వచ్చింది. మరి ఉపగ్రహానికి ఎలా తగిలింది?"

మొదట నాకు అర్థం కాలేదు. అడగ్గా అడగ్గా తేలింది, ఫోన్ మాట నేరుగా ఆకాశంలోని ఉపగ్రహానికి వెళ్ళి దిగుతుందని తరగతిలో దాదాపు అందరూ అనుకుంటున్నారు. అందరి జేబుల్లోనూ ఫోన్లే, కొందరు వాళ్ళ నాన్నలకి ఫోన్‌లో అన్నీ పెట్టిచ్చేవాళ్ళు. మేడల మీద టవర్లు పడిపోవడం చూశారు. ఆ రెండింటినీ కలుపుకోలేదు. వాళ్ళని అనడానికి లేదు. క్రిస్టల్ రేడియో పిల్లలు ఏరియల్‌ని వాళ్ళ చేతుల్తో జెండా కర్రకి కట్టారు. వీళ్ళకి ఎవరు కట్టనిస్తారు?

ఆ పీరియడ్‌లో బోర్డు మీద టవరు వేశాను. ఫోన్ నుంచి టవరుకి తరంగం, టవరు నుంచి నేలలో పాతిన తీగ, ఆ తీగ నుంచి ఇంకో ఊరి టవరు. టవరుకి కరెంటు కావాలి, లేకపోతే దాని దగ్గరున్న బ్యాటరీ, అదీ అయిపోతే డీజిల్ జనరేటరు. రోడ్ల మీద చెట్లు పడుంటే డీజిల్ ఎవరు తెస్తారు? వెనక నుంచి ఒకడు మెల్లిగా అన్నాడు. "అయితే మన సిగ్నల్ పోనాది చెట్లు అడ్డంపడి."

అదీ పుస్తకంలో రాసుకున్నాను. అప్పటికి స్టాఫ్ రూమ్‌లో చదవడం మానేసి చాలా కాలమైంది.

* * *

ఇవన్నీ ఆ దుకాణంలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని తలుచుకున్నవే. చిలక నా ఫోన్ విప్పి, పాత ఛార్జింగ్ సాకెట్ ఊడదీస్తున్నాడు. ఎడంచేత్తోనే. వాడి కూతురు, తొమ్మిదో తరగతి, బడి నుంచి వచ్చి మూల కూర్చుని ఫోన్‌లో ఏఐని ఏదో అడుగుతోంది. నా పాత బుద్ధి ఊరుకోదు కదా. "అది ఎలా చెబుతుందమ్మా జవాబు? దానికి తెలుసా?" అన్నాను.

"తెలిసి చెప్పదు తాతా" అంది, తలెత్తకుండానే. "మా నానమ్మ వింటన్న పాట కరెంటు పోయి ఆగిపోతే, మిగతాది తనే పాడీస్తాది కదా. ఎన్నోసార్లు వినీసింది కాబట్టి తర్వాత ఏ మాట వస్తాదో నోటికి వచ్చీస్తాది. ఇదీ అంతే. ఒక్కోసారి నానమ్మ వేరే పాటలోకి ఎల్లిపోతాది. ఇదీ ఎల్లిపోతాది."

నేను వాళ్ళ నాన్న వైపు చూశాను. వాడు నవ్వుతూ ఐరన్ కొన స్పాంజికి తుడుచుకున్నాడు.

"మరి ఆ పాడే నానమ్మ ఎక్కడుంటుంది?"

"క్లౌడ్‌లో" అని వేలు పైకి చూపించింది. ఫ్యాన్ వైపు.

"మబ్బుల్లోనా?"

"అంటే... ఉపగ్రహంలో."

హుద్‌హుద్ నాటి బోర్డు బొమ్మ మళ్ళీ వెయ్యాలన్నమాట. బోర్డు లేదు కాబట్టి నోటితోనే చెప్పాను. క్లౌడంటే ఎక్కడో నేల మీద పెద్ద పెద్ద షెడ్లలో వరసగా పెట్టిన కంప్యూటర్లేననీ, అవి వేడెక్కకుండా చల్లబరచడమే పెద్ద పననీ, దేశం నుంచి దేశానికి పోయే సమాచారం చాలా మట్టుకు సముద్రం అడుగున వేసిన తీగల్లోంచే పోతుందనీ. 2025 అక్టోబరులో గూగుల్ వాళ్ళు మన విశాఖపట్నంలోనే 15 బిలియన్ డాలర్లతో అలాంటి కేంద్రం పెడతామని ప్రకటించారు కదా, అందులో ఆ సముద్రపు తీగలు ఒడ్డుకి చేర్చడం కూడా ఉందని చెప్పాను. తీగ అంటే రాగి కాదు, వెంట్రుకంత గాజు పోగుల్లోంచి వెలుగు పోతుంది అన్నాను.

ఆ పిల్ల ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేసింది.

"సముద్రం అడుగునా? మన సముద్రం?"

"మన సముద్రమే."

"మరి మా అమ్మోళ్ళ అన్నయ్య వలకి తగిలితే?"

తగులుతుందమ్మా, ప్రపంచంలో ఈ తీగలు తెగడానికి ఎక్కువగా కారణం ఓడల లంగర్లూ చేపల వలలే, ఆ తర్వాత ప్రత్యేకమైన ఓడ ఒకటి వెళ్ళి తెగిన కొసలు పైకి లాగి అతికిస్తుంది అన్నాను. "అయితే మావయ్యోళ్ళ వల్ల అమెరికాలో నెట్ పోతాదన్నమాట" అంది, కొంచెం గర్వంగానే.

ఫోన్ అయిపోయింది. డబ్బు ఎంతన్నా తీసుకోనన్నాడు. "పట్టుకోకండి మాస్టారూ, ఇంకా వేడిగా ఉంది" అని కౌంటర్ మీదే ఉంచాడు. పొగ వాసన ఇంకా అక్కడే తిరుగుతోంది. నేను జేబులు తడుముకుని, "పెన్నుందా అమ్మా" అని అడిగాను. పెన్ను లేదు. ఫోన్ల వెనక గుర్తులు పెట్టే లావు మార్కర్ ఇచ్చింది. పొద్దున్నటి మందుల బిల్లు వెనక్కి తిప్పి, నానమ్మ పాటా, మావయ్య వలా రెండూ రాసుకున్నాను.